కంటూర్ కట్ పక్కకు జరుగుతోంది: కట్టర్ మార్చాలా, ముందు ఇంకేమైనా చూడాలా?

వినైల్‌పని:
అందరికీ నమస్కారం. ఎకో సాల్వెంట్ ప్రింటర్‌లో స్టిక్కర్లు ప్రింట్ తీసి, గ్లాసీ లామినేషన్ వేసి, ఆ తర్వాత విడిగా ఉన్న కట్టర్‌లో పెట్టి కంటూర్ కట్ (స్టిక్కర్ బొమ్మ అంచు వెంబడి కట్) చేస్తుంటాను. కట్టర్ 24 అంగుళాలది, స్టెప్పర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగేది), ప్రింట్ ఎక్కడుందో తెలియడానికి షీట్ మూలల్లో వేసే నల్ల మార్కులు చదివే సెన్సర్ ఉంది. షీట్ పైభాగంలో స్టిక్కర్లు చక్కగా వస్తాయి, కిందికి పోయేకొద్దీ కట్ లైన్ కొంచెం కొంచెంగా జరిగి, మీటరు పొడవు షీట్ అయితే చివరి వరుసలో దాదాపు 2 మి.మీ. తేడా వచ్చేస్తోంది. ఇంకో గొడవ ఏమిటంటే ఒక్కోసారి మొదటి మార్కు దగ్గరే ఆగిపోయి మార్కు దొరకలేదని చూపిస్తుంది. గుండ్రటి చిన్న స్టిక్కర్లలో కట్ మొదలైన చోటు, ముగిసిన చోటు కలవడం లేదు, చిన్న తోకలాంటిది మిగిలి పీకేటప్పుడు అక్కడ చిరుగుతోంది. బ్లేడ్ కొత్తదే. సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్, వై విలువలు మార్చి చూస్తే ఆ షీట్‌కు సరిపోతుంది, తర్వాతి షీట్‌కు మళ్లీ మొదటికొస్తుంది. ఆర్డర్లు పెరుగుతున్నాయి కాబట్టి ఈ టెన్షన్ భరించడం కంటే కొత్త కట్టర్ తీసుకుందామా అనిపిస్తోంది. తీసుకుంటే ఏం చూసి తీసుకోవాలి?

పెన్‌హోల్డర్:
కొనే సంగతి తర్వాత చూద్దామండీ. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు, ఒకే మందుతో పోవు.

ముందు తోక సంగతి. మామూలు కట్టర్‌లో ఉండేది డ్రాగ్ నైఫ్. దాని మొన సరిగ్గా ఇరుసు కింద ఉండదు, కాస్త వెనక్కి ఉండి, సూట్‌కేసు కింద తిరిగే చక్రంలాగా ఇరుసు ఎటు పోతే అటు తిరుగుతూ వెంటపడుతుంది. ఆ దూరమే బ్లేడ్ ఆఫ్‌సెట్. రోలాండ్ రకం 45 డిగ్రీల బ్లేడ్లకు ఎక్కువగా 0.25 మి.మీ. వేస్తారు, గ్రాఫ్‌టెక్ బ్లేడ్ల కొలత వేరు. కాబట్టి కొత్త బ్లేడ్ వేశాక మెషీన్‌లో పాత విలువే ఉంటే కట్ కలవదు. చిన్న చదరం కట్ చేసి చూడండి: మూలలు గుండ్రంగా వస్తే ఆఫ్‌సెట్ తక్కువైనట్టు, మూలల దగ్గర బయటికి కొమ్ముల్లా పొడుచుకొస్తే ఎక్కువైనట్టు. హోల్డర్‌లోంచి బ్లేడ్ తీసి లోపల జిగురు, వినైల్ పొట్టు ఏమైనా ఇరుక్కుందేమో కూడా చూడండి, బ్లేడ్ ఎక్కడా పట్టకుండా తేలిగ్గా తిరగాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఓవర్‌కట్ (కట్ ముగిసే చోటు దాటి ఇంకాస్త కోయడం) కొద్దిగా పెట్టుకోండి, ఆఫ్‌సెట్ తప్పుగా ఉంచి ఓవర్‌కట్‌తో కప్పిపుచ్చితే మూలలు పాడవుతాయి.

ఇక జరగడం గురించి. తేడా ఏ ఆకారంలో వస్తోందో చూస్తే కారణం చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. షీట్ మొత్తం మీద ఒకే వైపు, ఒకే కొలతలో జరిగితే సెన్సర్‌కూ బ్లేడ్‌కూ మధ్య దూరం మెషీన్‌లో తప్పుగా ఉందని అర్థం, దానికి కాలిబ్రేషన్ చేస్తే చాలు. మీకు అలా లేదు, క్రమంగా పెరుగుతోంది. అంటే షీట్ వంకరగా నడుస్తోంది, లేదా ప్రింట్ పొడవుకూ కట్ పొడవుకూ పొత్తు కుదరడం లేదు. అందుకే ఎక్స్, వై విలువలు ఎంత మార్చినా నిలవదు.

ఇందులో తప్పు కట్టర్‌దో కాదో తేల్చడానికి బ్లేడ్ తీసి పెన్ పెట్టండి. ప్రింట్ లేని సాదా వినైల్ మీద మీటరు పొడవు దీర్ఘచతురస్రం గీయించి, షీట్‌ను ముట్టుకోకుండా అదే ఫైల్ మళ్లీ పంపండి. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడితే మెషీన్ షీట్‌ను సరిగ్గానే నడుపుతోంది. జంటగీతలు కనిపిస్తే పించ్ రోలర్లు, అంటే షీట్‌ను పైనుంచి నొక్కే చక్రాలు చూడాలి. అవి కింద షీట్‌ను నడిపే గరుకు గ్రిట్ రోలర్ల మీదే నిలబడ్డాయా, రెండు పక్కలా ఒకే బలంతో నొక్కుతున్నాయా అని. రోల్ నుంచి నేరుగా లాగుతుంటే ఆ బరువు కూడా స్టెప్పర్ మీదే పడుతుంది, కావలసిన పొడవు ముందే వదులుగా దించి పెట్టుకోండి. కట్ మొదలుపెట్టే ముందు షీట్‌ను చివరిదాకా పంపి వెనక్కి రప్పిస్తే వంకర ఉంటే అప్పుడే బయటపడుతుంది.

లామినేషన్‌టేబుల్:
మార్కు దొరకకపోవడానికి నాకు మొదటి అనుమానం ఆ గ్లాసీ లామినేషన్ మీదే. సెన్సర్ వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగులో తేడాను బట్టి నలుపును గుర్తిస్తుంది. మెరిసే ఫిల్మ్ మీద నల్ల గీత కూడా అద్దంలా వెలుగు తిప్పికొట్టేస్తే దానికి తేడా ఎక్కడ కనిపిస్తుంది? మార్కుల మీద మెరుపు లేని పారదర్శక టేపు ముక్క అంటించి చూడండి, చాలాసార్లు అంతటితో పోతుంది. లేదంటే సెన్సర్ లెవెల్ ఆ మెటీరియల్‌కు తగ్గట్టు మళ్లీ సెట్ చేయాలి. మార్కులు నాలుగు రంగులు కలిపిన నలుపుతో కాకుండా ఒక్క కె (నలుపు) ఇంకుతోనే 100 శాతం ప్రింట్ కావాలి, ఎందుకంటే హెడ్ అలైన్‌మెంట్ ఏ కాస్త తప్పినా కలిపిన నలుపు అంచులు చెదురుతాయి. మార్కు చుట్టూ ఖాళీ జాగా వదలండి, గీత మందం మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చినట్టే ఉంచండి. ఎండ గానీ లైటు గానీ నేరుగా సెన్సర్ మీద పడకుండా చూసుకోండి.

క్రమంగా జరగడానికీ సగం కారణం లామినేషన్ టేబుల్ దగ్గరే ఉంటుందని నా నమ్మకం. ఎకో సాల్వెంట్ ప్రింట్ తీసిన వెంటనే ఫిల్మ్ వేస్తే ఇంకులోని సాల్వెంట్ (ఆరిపోవలసిన ద్రవం) బయటికి పోలేక వినైల్‌నూ జిగురునూ మెత్తబరుస్తుంది, అది సాగుతుంది, అంచులు లేస్తాయి. కనీసం 24 గంటలు ఆరనివ్వండి, అదీ గట్టిగా చుట్టి కాదు, గాలి ఆడేలా వదులుగా. లామినేటర్‌లో ఫిల్మ్‌ను ఎక్కువ బిగువుతో లాగితే అది తర్వాత ముడుచుకుంటూ షీట్‌ను పైకి వంచేస్తుంది. అలా లేచిన అంచు మీద ఉన్న మార్కును సెన్సర్ ఒకచోట చదివితే, బ్లేడ్ నొక్కేసరికి అది ఇంకోచోట ఉంటుంది.

సర్వో_బండి:
పై ఇద్దరూ చెప్పింది నిజమే కానీ ఆర్డర్లు పెరుగుతున్నాయన్నారు కాబట్టి కొనే విషయం కూడా చెప్తాను. నాకైతే స్టెప్పర్ మీద రోజంతా లామినేటెడ్ పని చేయించడం ఇష్టం ఉండదు. చాలా స్టెప్పర్ మెషీన్లకు షీట్ ఎక్కడైనా పట్టేసి అడుగు తప్పితే తెలియదు, తప్పిన చోటు నుంచే కట్ చేసుకుంటూ పోతాయి. సర్వో మోటారు ఉన్నవాటిలో ఎన్‌కోడర్ అనే సెన్సర్ ఎప్పటికప్పుడు స్థానం చెబుతుంటుంది, పైగా చప్పుడు తక్కువ.

స్పీడు చూసి మాత్రం కొనకండి. చిన్న స్టిక్కర్ల వంకరల్లో ఏ మెషీనూ దాని గరిష్ఠ వేగం దాకా వెళ్లదు. ఫోర్స్ కూడా అంతే, గ్రాఫ్‌టెక్ సీఈ7000-60 గరిష్ఠంగా 450 గ్రాములు ఇస్తుంది, లామినేషన్ ఉన్న వినైల్ కిస్ కట్‌కు (కింది కాగితం తెగకుండా పై స్టిక్కర్ మాత్రమే కోయడానికి) అంతా అవసరం పడదు. మీ పనికి ముఖ్యం మార్కులు ఎలా చదువుతుందన్నదే. మూడు మార్కులతో వంకర, పొడవు, వెడల్పు సరిచేయవచ్చు గానీ షీట్ ఒక పక్క ఎక్కువ సాగి ఉంటే నాలుగో మూల తెలియాలి, అందుకే నాలుగు మార్కులు చదివేదే తీసుకోండి. పొడవు పనులకు మధ్యమధ్యలో మార్కులు పెట్టి ముక్కముక్కగా సరిచేసే సౌకర్యం ఉండాలి. సుమ్మా కట్టర్లలో మార్కులు చదివే ఓపోస్ అనే పద్ధతిలో పొడవునా రెండు పక్కలా మార్కులు వరుసగా పడతాయి, గ్రాఫ్‌టెక్‌లో ఇలాంటి పనికి ఆర్మ్స్ ఉంది. లేజర్ చుక్కను చూసుకుంటూ మార్కుల మీదికి చేత్తో జరిపే రకం ఎప్పుడో ఒక షీట్ చేసేవాళ్లకు సరే, మీకు కుదరదు. బాగా మందమైన మెటీరియల్, పదునైన మూలలు ఎక్కువైతే బ్లేడ్‌ను మోటారే తిప్పే టాంజెన్షియల్ గురించి ఆలోచించండి, మామూలు స్టిక్కర్లకు అక్కర్లేదు.

ప్రింట్, కట్ రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నది వద్దనే అంటాను. అది కట్ చేస్తున్నంతసేపూ ప్రింటింగ్ ఆగిపోతుంది, మీకు మధ్యలో లామినేషన్ కూడా ఉంది కాబట్టి షీట్ బయటికి తీసి మళ్లీ ఎక్కించి మార్కులు చదివించక తప్పదు. ఏది చూడ్డానికి వెళ్లినా మీ సొంత లామినేటెడ్ షీట్, మీటరు పొడవుది, మీ ఫైల్‌తో సహా తీసుకెళ్లి ఎదురుగా కట్ చేయించుకోండి. అమ్మేవాళ్ల దగ్గరుండే మ్యాట్ శాంపిల్ మీద అన్నీ అందంగానే వస్తాయి.

పెన్‌హోల్డర్:
సర్వో మంచిదే అన్నా, కాదనను. కానీ లామినేషన్‌లో సాగిన షీట్‌ను ఏ సర్వో కూడా వెనక్కి ముడవలేదు కదా. ముందు పెన్ పరీక్ష ఫలితం రానివ్వండి.

వినైల్‌పని:
అందరికీ చాలా థాంక్సండీ. బ్లేడ్ ప్యాకెట్ మీద ఉన్న ఆఫ్‌సెట్ వేయగానే తోక పోయింది, వృత్తం కలుస్తోంది. టేపు అంటించాక మార్కులు కూడా చదువుతోంది. పెన్ పరీక్షలో సాదా వినైల్ మీద గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అదే లామినేషన్ వేసిన షీట్ పెడితే మాత్రం కింద జరుగుతోంది, షీట్‌ను బల్ల మీద పరిస్తే రెండు పక్కల అంచులూ పైకి లేస్తున్నాయి. ఇప్పటికే ఇలా లామినేషన్ అయిపోయిన ప్రింట్లు చాలా ఉన్నాయి, వాటిని కాపాడుకునే దారి ఉందా?

లామినేషన్‌టేబుల్:
ఉంది. పొడవు షీట్లను ఒక్కోటీ 30, 40 సెం.మీ. ముక్కలుగా విడగొట్టండి. పాత ప్రింట్ కాబట్టి ప్రతి ముక్కకూ మార్కులు ఉండవు, కట్టర్‌కు లేజర్ చుక్క ఉంటే స్టిక్కర్ల మూలలనే ఆధారంగా తీసుకుని చేత్తో కలపాలి, ఓపిక పట్టాలి. ముక్కలు చేసేముందు బరువు పెట్టి చదునుగా ఒక రోజు ఉంచండి. ఇకపై ప్రింట్ చేసేవాటికి మాత్రం ఫిల్మ్ బిగువు తగ్గించండి, ప్రతి 40 సెం.మీ.కు కొత్త మార్కుల సెట్ ఇవ్వండి, రంగు కట్ లైన్ దాటి 2 మి.మీ. బయటికి పోయేలా బ్లీడ్ పెట్టండి.

పెన్‌హోల్డర్:
దానితోపాటు డిజైన్ ఇచ్చేవాళ్లకు ఒక మాట చెప్పండి, అంచు వెంబడి సన్నని బోర్డర్ గీత వద్దని. అర మి.మీ. తేడా వచ్చినా ఒక పక్క సన్నగా, ఇంకో పక్క లావుగా కనిపించేది అలాంటి గీతల్లోనే. కట్టింగ్ ఆర్డర్ కూడా ఒక స్టిక్కర్ పూర్తయ్యాక పక్కదానికి వెళ్లేలా పెట్టండి, షీట్ చివరిదాకా పోయి వెనక్కి రావడం ఎంత తగ్గితే అంత మంచిది.