మోటారు రూములో కుబుసం. పాము ఇంకా ఉందంటారా?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నామండి. నిన్న మోటారు రూములో పైపు పక్కన పాము కుబుసం కనిపించింది. కొలిస్తే నాలుగడుగులు. ఎదురింటి తమిళావిడ "పాంబు సట్టై" అని నవ్వేసి వెళ్లిపోయారు. బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందని మా అత్తయ్య. నాకేమో టెన్షన్. పాము పెద్దదవుతోందనా దీనర్థం? "మన తోలెందుకు ఊడదు?" అని మా పాప ప్రాణం తీస్తోంది.

జవాబు: నాలుగడుగులన్నది కుబుసం కొలతండి, పాముది కాదు. పొలుసుల మధ్య మడతలు విప్పుకుని కుబుసం సాగుతుంది కాబట్టి పాము అంతకంటే పొట్టిదే.

పెరగడం కోసం విడిచేదంటే రొయ్యని చెప్పాలి. మాది నెల్లూరు వైపు, మావాళ్లకు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యకు పైగుల్ల సాగదు, లోపల ఒళ్లేమో పెరుగుతుంది. పాత గుల్ల వదిలేసి, మెత్తటి కొత్త గుల్లతో నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, తర్వాత గట్టిపడుతుంది. ఈలోపు తోటి రొయ్యలే పీక్కు తింటాయి! అమావాస్యకూ పౌర్ణమికీ గుల్ల విడుస్తాయని మావాళ్లు మేత తగ్గిస్తారు. ఇంట్లో తెల్ల బొద్దింక కనిపిస్తే అదీ అప్పుడే గుల్ల విడిచినదే.

పాముకు గుల్ల లేదు. పైపొర మాత్రం మన గోళ్లలో ఉండే కెరటినే, ప్రాణం లేనిది. కింద కొత్త పొర తయారయ్యాక రెంటి మధ్య ద్రవం ఊరి కళ్లు నీలంగా మసకబారతాయి. అవి తేటపడ్డ కొద్దిరోజులకు మూతి గరుకు చోట రుద్ది, మేజోడు తిరగేసినట్టు విడుస్తుంది. పిల్లపాములు తరచుగా విడుస్తాయి, పెద్దవీ విడుస్తాయి. అరిగిన తోలు, గాయాలు, పట్టుకున్న పిడుదులు వదిలించుకోవాలిగా. కాబట్టి పెరుగుతోందనే అనుకోనక్కర్లేదు. మన తోలూ ఊడుతుందని పాపకు చెప్పండి, కాకపోతే రోజూ పొట్టుపొట్టుగా.

కుబుసంలో విషం ఉండదు. పారేసి చేతులు కడుక్కోండి. బీరువా సంగతి అత్తయ్యగారితో మీరే తేల్చుకోండి. ఏ పామో కుబుసం చూసి చెప్పడం నావల్ల కాదు. పాత తోలులోంచి ముందుకు పాకుతుంది కాబట్టి కుబుసం తోక ఎటుందో పాము అటే వెళ్లి ఉంటుంది, చూడండి.

ప్రశ్నించినవారు: తోక డ్రైనేజీ కన్నం వైపే ఉందండి! ప్లంబరు జాలీ బిగించాడు.

జవాబు: మంచిది. ఎలుకలుంటే వాటి సంగతీ చూడండి, పాము ఎక్కువగా వచ్చేది వాటికోసమే. కనిపిస్తే కర్ర తీయకండి, 101కి ఫోన్ చేస్తే ఫైర్ సర్వీసు వాళ్లు వస్తారు.