డెలివరీ తర్వాత కుట్ల దగ్గర నొప్పి, డాక్టర్‌కి ఎలా చెప్పాలి?

బాబుకి నాలుగో నెల. నార్మల్ డెలివరీయే, కుట్లు పడ్డాయి, పైకి మానినట్టే ఉన్నాయి కానీ మా ఆయనతో కలిసినప్పుడు మంట, ఒక పక్క పొడిచినట్టు నొప్పి, ఇప్పుడు దగ్గరికి వస్తేనే టెన్షన్. అమ్మేమో "బాలింతవి, అదే సర్దుకుంటుంది" అంటోంది. పాలిస్తున్నాను. డాక్టర్ దగ్గర ఈ మాట ఎలా మొదలుపెట్టాలి?

పద్మ: పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి లోపల పొడిబారుతుంది, మంట చాలావరకు దానివల్లే కావచ్చు. మందుల షాపులో వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ (పొడిదనం తగ్గించే, నూనె లేని జెల్) అడగండి. కండోమ్ వాడుతుంటే మాత్రం కొబ్బరినూనె వద్దు, చిరిగిపోతుంది. ఒక పక్కే పొడుస్తోందంటే కుట్ల మచ్చని గైనకాలజిస్ట్ చూడాల్సిందే.

ఇద్దరు పిల్లల తల్లి: నేను "కుట్ల చోట, కలిసినప్పుడు నొప్పి" అని చీటీ మీద రాసి డాక్టర్‌కి ఇచ్చాను, ఆవిడ చదివి మామూలుగానే ప్రశ్నలడిగింది. అత్తగారు తోడొస్తే బయటే కూర్చోమనండి, ఆవిడ పక్కనుంటే నోరెక్కడ పెగులుతుంది! పరీక్షలో నొప్పేస్తే ఆపమనొచ్చు. నాకు కండరాలు బిగుసుకున్నాయని పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి (పొత్తికడుపు అడుగున, యోని చుట్టూ ఉండే కండరాలకి చేసే చికిత్స) పంపారు. యూట్యూబ్ చూసి కెగెల్ (ఆ కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం) మొదలుపెట్టకండి, బిగుతు ఉంటే నొప్పి ఇంకా పెరగొచ్చు.

సునీత: జ్వరం, చీము, చెడు వాసన, ఎక్కువ రక్తం పోవడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే వెళ్ళండి. పీరియడ్ రాకపోయినా గర్భం రావచ్చు, ఆ సంగతీ అడిగేయండి. తగ్గేదాకా కలవకపోయినా పర్లేదని మీ ఆయనకి చెప్పండి.

అడిగినామె: చీటీ ఐడియా బాగుంది. సోమవారం వెళ్తున్నా, ఆయన్నే తోడు తీసుకెళ్తాను.