పదిహేను డాలర్లు పోసి ఎక్స్‌ప్రెస్ లేన్ ఎక్కుతున్నాం సరే, కొంటున్నది ఏమిటి?

బాతెల్ బాటసారి:
సియాటిల్ పక్కన 405 హైవే మీద బాతెల్ నుంచి బెల్‌వ్యూకు రోజూ కారు నడిపేవారికి ఒక ప్రశ్న. 2015లో టోలు కట్టి వేగంగా వెళ్లే ఈ ఎక్స్‌ప్రెస్ లేన్లు తెరిచినప్పుడు టోలు రద్దీని బట్టి 75 సెంట్ల నుంచి 10 డాలర్ల వరకు ఉండేది. 2024 మార్చి నుంచి గరిష్ఠం 15 అయింది. నిన్న ఉదయం బోర్డు మీద 15 చూసి కూడా ఎక్కేశాను. మిగిలింది ఏడు నిమిషాలు. ఆఫీసులో కాఫీ యంత్రం ముందు నిలబడి అంతసేపూ కబుర్లు చెప్పాను! మీరు ఎంత వరకు పెడతారు?

నిదానమే ప్రధానం:
ఒక్క సెంటు పెట్టను. అందులో ఒక వరుస ఒకప్పుడు ఇద్దరుంటే ఉచితంగా వెళ్లిన కార్‌పూల్ లేన్. ఇప్పుడు రద్దీ వేళల్లో ముగ్గురుండాలట. పెట్రోలు మీద పన్ను కట్టి మళ్లీ ఇదీ కట్టడమంటే, బియ్యం మనమే ఇచ్చి అన్నం కొనుక్కోవడమే.

లెక్కల మాస్టారు:
బాటసారి గారూ, మీ లెక్కన గంట విలువ 128 డాలర్లు దాటింది. అయినా ఆ లెక్కతో ఎవరూ లేన్ మారరు. మిన్నెసోటాలో పరిశోధకులు ఇలాంటి లేన్ల మీద టోలు పెంచి చూశారు. ఎక్కేవారు తగ్గలేదు, పెరిగారు. ధర ఎక్కువుందంటే ముందు రోడ్డు బాగా బిగుసుకుపోయి ఉంటుందని జనం అర్థం చేసుకున్నారన్నది వారి ఊహ. కిటకిటలాడే హోటల్లోనే ఇడ్లీ బాగుంటుందని దూరతామే, అలాగన్నమాట.

ఇద్దరు పిల్లల అమ్మ:
నేను వారానికి ఒకసారో రెండుసార్లో ఎక్కుతాను, అదీ సాయంత్రాలే. డేకేర్ ఆరింటికి మూసేస్తారు. ఆ తర్వాత నిమిషానికింత అని జరిమానా. దాని సంగతి అలా ఉంచండి. ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైతే, మా చిన్నవాడు బూట్లు తొడుక్కుని, సంచీ తగిలించుకుని, తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి బోర్డు మీద అంకె చదవడం మానేశాను. ఇంకో విచిత్రం, పిల్లలిద్దరూ ఎక్కాక మేము ముగ్గురం, కార్‌పూల్ అని చూపే ఫ్లెక్స్ పాస్ కారులో ఉంటే ఉచితం. వాళ్ల కోసం వెళ్లేటప్పుడే టోలు!

బాతెల్ బాటసారి:
అంటే మీరు కొంటున్నది వేగం కాదు, ఆరులోపు చేరతానన్న ధీమా. మరి ఆ ధీమా అయినా ఇస్తున్నారా? రద్దీ వేళల్లో 90 శాతం సమయం గంటకు 45 మైళ్ల వేగం నిలవాలని చట్టం చెబుతోంది. బాతెల్ దాటి ఉత్తరానికి వెళ్తే ఎక్స్‌ప్రెస్ లేన్ ఒక్కటే. అక్కడ డబ్బు కట్టినవాడి కాలు కూడా బ్రేకు మీదే.

నిదానమే ప్రధానం:
అమ్మగారూ, మీ బాధ కాదనను. కానీ మీ అబ్బాయి పక్కన కూర్చున్న టీచరుకూ ఇల్లు ఉంటుంది కదా? ఆవిడకు 15 డాలర్లంటే దాదాపు గంట కష్టం. ఆవిడ ఆలస్యాన్ని ఎవరు కొంటారు?

ఇద్దరు పిల్లల అమ్మ:
ఈ రోజు అడిగాను. ఆవిడకు కారు లేదు. లిన్‌వుడ్‌కు 535 బస్సులో వెళతారట. బస్సుకు ఆ లేన్‌లో టోలు లేదు. కానీ నేను ఆలస్యంగా వచ్చిన రోజు ఆవిడ బస్సు తప్పిపోయిందట. అప్పుడు నాకు చెప్పలేదు.