సైట్ యాప్‌లు వచ్చాక స్లాబ్ దగ్గర ఇంజనీర్ ఉండాలా, అక్కర్లేదా?

కొమ్మాది_సివిల్:
అపార్ట్‌మెంట్ పనుల్లో సైట్ ఇంజనీర్‌ని. మా ఆఫీసులో కొత్త పద్ధతి పెట్టారు. సూపర్‌వైజర్ స్లాబ్‌కి కట్టిన స్టీల్ కడ్డీల ఫోటోలు యాప్‌లో పెడతాడు. నేను ఎక్కడున్నా అవి చూసి అప్రూవల్ నొక్కితే చాలు, కాంక్రీట్ పోసేస్తారు. అందుకని ఇంకో రెండు సైట్లు కూడా నాకే అప్పజెప్పారు. ఇంత టెక్నాలజీ ఉండగా మనిషి నిలబడటం దేనికని మేనేజర్ గారి వాదన. సీనియర్లు ఏమంటారు?

సీతమ్మధార_బిమ్:
డిజైన్ ఆఫీసులో బిమ్ మోడల్స్ (బిల్డింగ్ మొత్తాన్ని కంప్యూటర్‌లో 3డీగా చూపించేవి) చేస్తాను. టెక్నాలజీని తప్పుపట్టకండి. డ్రైనేజీ పైపు ఏ బీమ్‌కి అడ్డొస్తుందో మోడల్‌లో ముందే కనిపిస్తుంది. ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్, ప్లంబింగ్ డ్రాయింగులు ఎవరివి వాళ్లు పంపే చోట అది స్లాబ్ పోశాక బయటపడుతుంది. అప్పుడు కోర్ కటింగ్ మిషన్ తెచ్చి బీమ్‌కి కన్నం పెడతారు. మేస్త్రీ దగ్గర పాత రివిజన్ ప్రింట్ ఉంటే ఎంత గొడవో మీకు తెలియనిది కాదు. ట్యాబ్‌లో అయితే తాజా డ్రాయింగే తెరుచుకుంటుంది. ఇంజనీర్ పని కొంత ఆఫీసుకి మారింది, మారాలి కూడా.

గాజువాక_పాతకాపు:
మేడమ్ గారు, మోడల్ గురించి మీతో గొడవ లేదు. తమ్ముడు అడిగింది వేరే సంగతి.

పైనుంచి తీసిన ఫోటోలో కడ్డీల మధ్య దూరం తెలుస్తుంది. కింద కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీట్ మందం, ఎంత వస్తుందో తెలియదు. లేబర్ స్టీల్ మీద నడిచేసరికి ఆ దూరం కోసం కడ్డీల కింద పెట్టే కవర్ బ్లాకులు పక్కకు తప్పుకుంటాయి, కొన్ని చితికిపోతాయి. కొన్నిచోట్ల వాటి బదులు కంకర రాయి పెట్టేస్తారు. వంగి, చెయ్యి పెట్టి, టేపుతో కొలిస్తేనే దొరికే లోపం ఇది. మన విశాఖలో సముద్రగాలి నేరుగా తగిలే బాల్కనీలు, బయటి పిల్లర్లు తీసుకోండి. తీరప్రాంత వాతావరణాన్ని కాంక్రీట్ పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 తీవ్రమైనదిగా లెక్కగట్టి కనీసం 45 మిల్లీమీటర్ల కవర్, ఎం30 గ్రేడ్ బలమున్న కాంక్రీట్ అడుగుతుంది. కవర్ తగ్గితే ఉప్పు లోపలికి దిగి స్టీల్ తుప్పు పడుతుంది. తుప్పుతో కడ్డీ ఉబ్బి పైనున్న కాంక్రీట్‌ని పగలగొడుతుంది. బీచ్ వైపు పాత బిల్డింగుల బాల్కనీల కింద తలెత్తి చూడండి, ఎర్రటి కడ్డీలు బయటికే కనిపిస్తాయి.

ఇక కాంక్రీట్ సంగతి. కాంక్రీట్ తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్ లారీ ఎక్కడుందో జీపీఎస్ చూపిస్తుంది. ప్లాంట్‌లో ఎంత నీళ్లు పోశారో బ్యాచ్ స్లిప్ చెబుతుంది. హైవే మీద ట్రాఫిక్‌లో ఆగి గట్టిపడటం మొదలైన కాంక్రీట్ మాల్‌లో సైట్ గేటు దగ్గర పైపు పెట్టి కలిపే నీళ్లు ఏ డ్యాష్‌బోర్డులోనూ పడవు. దానివల్ల బలం ఎంత తగ్గిందో 28 రోజుల క్యూబ్ రిజల్ట్ (అదే కాంక్రీట్‌తో పోసిన దిమ్మెల్ని నొక్కి చూసే పరీక్ష) చెప్పాలి. అదీ నీళ్లు కలిపాక తీసిన క్యూబులైతేనే. అప్పటికి దాని మీద ఇంకో స్లాబ్ లేచి ఉంటుంది.

ఎంవీపీ_ఎల్‌టీపీ:
నేను ప్లాన్ల మీద సంతకం పెట్టే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌ని (ఎల్‌టీపీ). ప్లాన్ అప్రూవల్‌లోనూ ఇదే వరస. జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) ఇప్పుడు డ్రాయింగ్ ఆన్‌లైన్‌లో పెడతాం. సెట్‌బ్యాక్‌లు (చుట్టూ వదలాల్సిన ఖాళీ), రోడ్డు వెడల్పు సాఫ్ట్‌వేరే సరిచూస్తుంది. ఫైలు పట్టుకుని తిరిగే బాధ తగ్గింది, అది నిజంగా మంచి మార్పు. కానీ అది చూసేది డ్రాయింగ్‌నే. పక్క ప్లాటు గోడ అడుగు లోపలికి వచ్చిందా అన్నది నేను వెళ్లి టేపు పడితేనే తేలుతుంది. సంతకం నాది, రేపు గొడవైతే నోటీసు వచ్చేదీ నాకే. తమ్ముడూ, అప్రూవల్ నొక్కిన పేరు నీదే ఉంటుంది, అది గుర్తుపెట్టుకో.

సీతమ్మధార_బిమ్:
కవర్, నీళ్ల విషయంలో ఒప్పుకుంటాను. ఒక ఇంజనీర్‌తో మూడు సైట్లు చేయించడం మాత్రం యాప్ చెప్పిన పని కాదు, జీతాల లెక్క. ఆ కోపం సాఫ్ట్‌వేర్ మీద చూపిస్తే ఎలా? ఇంజనీర్ సైట్ లొకేషన్‌లో ఉంటేనే అప్రూవల్ బటన్ తెరుచుకునేలా పెట్టించండి.

గాజువాక_పాతకాపు:
గేటు దగ్గర బండిలో కూర్చున్నా లొకేషన్ సైటే చూపిస్తుంది కదమ్మా. కవర్ మీద టేపు పెట్టి, రీడింగ్ కనపడేలా ఇంజనీరే తీసిన ఫోటో అడగాలి. అలా అయితే నేనూ ఆ యాప్‌కి ఓటేస్తాను.

కొమ్మాది_సివిల్:
అందరికీ థ్యాంక్స్. గురువారం స్లాబ్ ఉంది. స్టీల్ చెకింగ్‌కి, పోత జరిగినంతసేపు ఇంజనీర్ సైట్‌లో లేకపోతే అప్రూవల్ ఇవ్వనని మేనేజర్ గారికి ఇప్పుడే మెయిల్ పెట్టాను. టేపు ఫోటో సంగతీ రాశాను. టెన్షన్‌గానే ఉంది. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.