ఇన్నోవేషన్ ఎకనామిక్స్ చదవాలంటే ముందు లెక్కలా, ఫ్యాక్టరీ చరిత్రా?

జీడిమెట్ల జీవి:
కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి ఆరేళ్లుగా ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) ప్లాంట్‌లో పని చేస్తున్నాను. కొత్త పద్ధతులు ఎలా పుడతాయి, వాటి లాభం ఎవరికి పోతుంది అన్నది తేల్చుకోవాలని ఉంది. అందుకే ఇన్నోవేషన్ ఎకనామిక్స్‌లో మాస్టర్స్, కుదిరితే పీహెచ్‌డీ. ముందు ఏడాది మ్యాథ్స్ చదవమని ఒకరంటారు, అది దండగ, పరిశ్రమల చరిత్ర చదవమని ఇంకొకరంటారు. ఏం చేయను?

గుంటూరు గణితం:
లెక్కలే. 2025 ఆర్థికశాస్త్ర నోబెల్‌లో సగం అఘియన్, హొవిట్‌లకు వచ్చింది 1992 నాటి వాళ్ల మోడల్ వల్లే. కొత్త సరుకు పాతదాని లాభాన్ని ఊడ్చేస్తుంది. రేపు తననీ ఊడ్చేస్తారని తెలిసినవాడు ఇవాళ పరిశోధన మీద ఎంత పెడతాడు? అది మాటల్లో తేలదు. ప్రాబబిలిటీ, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను గణాంకాలతో పరీక్షించే శాస్త్రం) రాకుండా పీహెచ్‌డీకి వెళ్తే మొదటి సెమిస్టర్‌లోనే చుక్కలు కనిపిస్తాయి.

బ్రైటన్ వాన:
మిగతా సగం ఎవరికొచ్చిందో చెప్పకుండా భలే దాటేశారు గుంటూరు గారూ! అది జోయెల్ మోకిర్‌ది, ఆయన ఆర్థిక చరిత్రకారుడు. నేను చదివింది ససెక్స్‌లో, 1966లో క్రిస్ ఫ్రీమన్ మొదలుపెట్టిన ఎస్పీఆర్‌యూ అనే సైన్స్ విధానాల పరిశోధన కేంద్రంలో, కాబట్టి నా పక్షపాతం నాకుంది.

సొరాఫెనిబ్ సంగతే చూడండి. ఆ క్యాన్సర్ మందును బేయర్ నెలకు సుమారు 2.8 లక్షలకు అమ్మేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్ కంపెనీ నాట్కోకి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ యజమాని ఒప్పుకోకున్నా తయారుచేసే అనుమతి) ఇచ్చారు. ధర 8,880, బేయర్‌కి రాయల్టీ 6 శాతం. ఆ 8,880 ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970 చట్టం ప్రకారం మందుల్లో తయారీ పద్ధతికే పేటెంట్, మందుకి కాదు. 2005లో అది మారేదాకా మన కెమిస్టులు ఒకే మందుకి వేరే దారులు వెతకడంలో చేయి తిరిగినవాళ్లయ్యారు. మోడల్‌లో ఇదంతా ఒక గ్రీకు అక్షరం.

గుంటూరు గణితం:
కథ బాగుంది. లైసెన్స్ ఇవ్వకపోతే ఏమయ్యేది? ఇచ్చాక విదేశీ కంపెనీలు ఇక్కడికి మందులు తేవడం తగ్గిందా? ఒక్క కేసుతో ఎలా చెప్తారు?

విశ్రాంత మాస్టారు:
అబ్బాయి అడిగింది వదిలేసి మీరిద్దరూ మీ చదువుల గొప్ప చెప్పుకుంటున్నారు. ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1962లో రాసిన రెండు వ్యాసాలు చదువు బాబూ. ఒకదానిలో చిక్కు ఇది: జ్ఞానం ఎంతమంది వాడినా తరగదు కాబట్టి ఊరికే ఇవ్వాలి, ఊరికే ఇస్తే పుట్టించినవాడికి ఏం మిగులుతుంది? రెండోది పని చేస్తూ నేర్చుకోవడం గురించి. అందులో స్వీడన్‌లోని హోర్న్‌డాల్ ఉక్కు కర్మాగారం ప్రస్తావన ఉంది. పదిహేనేళ్లు కొత్త పెట్టుబడి లేదు, అయినా మనిషి గంటకు చేసే ఉత్పత్తి ఏటా 2 శాతం దాకా పెరుగుతూ వచ్చింది. ముందు ఫ్యాక్టరీలో అది కనిపించింది, తర్వాతే కెన్నెత్ ఆరో దాన్ని లెక్క కట్టాడు. నా ఓటు ఫ్యాక్టరీకే. మీ ప్లాంట్‌లో అలాంటిదేమైనా చూశావా?

జీడిమెట్ల జీవి:
చూశాను మాస్టారూ. ఒక ప్రాడక్ట్ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వడకట్టడానికి నాలుగు గంటలు పట్టేది. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ ఒకాయన రియాక్టర్ జాకెట్‌లోకి చల్లనీళ్లు నెమ్మదిగా వదలడం మొదలుపెట్టాడు. మందు గింజ (స్ఫటికం) పెద్దదై ఎమ్మెల్ (గింజలు ఏర్పడ్డాక మిగిలే ద్రవం) తొందరగా దిగిపోయింది, రెండున్నర గంటల్లో పని అయిపోయింది. తర్వాత చేంజ్ కంట్రోల్ (మార్పుకి అనుమతి కాగితం) వేసి ఎస్‌ఓపీలోకి, అంటే పని చేసే పద్ధతి రాసిన పత్రంలోకి ఎక్కించారు. దానికి పేటెంట్ లేదు, ఆర్ అండ్ డీ ఖర్చులోనూ కనిపించదు. బ్యాచ్ రికార్డులో టైము మాత్రం ఉంటుంది.

గుంటూరు గణితం:
ఆ రికార్డులు వాడుకోవడానికి కంపెనీ అనుమతిస్తే ఎకనామెట్రిక్స్ రేపే మొదలుపెట్టు తమ్ముడూ. మిగతా షిఫ్టులకు అది ఎన్నాళ్లకు పాకిందో లెక్క తీస్తే చాలు, థీసిస్‌లో ఒక చాప్టర్ అయిపోయినట్టే. ఈ విషయంలో మాస్టారికి సగం మార్కులిస్తా.

విశ్రాంత మాస్టారు:
మిగతా సగం నోబెల్‌లా చరిత్రకారుడికిచ్చేయ్. ఇంతకీ ఆ ఆపరేటర్‌కి ఏం ముట్టింది బాబూ?

జీడిమెట్ల జీవి:
సేఫ్టీ డే నాడు స్టీల్ టిఫిన్ బాక్సు ఇచ్చారు.