అప్‌డేట్: ఇత్తడి తూటా కేసుల మీద గులాబీ మరకలు

టెక్సాస్‌లో షూటింగ్ రేంజ్ నుంచి తెచ్చుకున్న 9 ఎంఎం ఖాళీ కేసులను (తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాలు) వెనిగర్‌లో నానబెడితే గులాబీ రంగు మరకలు పడ్డాయని, వాటిలో మళ్లీ మందు, గుండు నింపి వాడవచ్చా అని పోయిన నెల అడిగాను. తప్పు నాదే, రాత్రంతా వదిలేశాను. ఆమ్లం జింకును లాగేస్తే పైన మిగిలే రాగి రంగట అది. చింతపండుతో చెంబులు తోమి వెంటనే కడిగేసే మా అమ్మకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు! ఆ కేసులు పారేశాను.

ఈసారి వేరే కేసుల నుంచి ముందు పాత ప్రైమర్లు (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న బిళ్లలు) తీశాను. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు గోరువెచ్చని నీరు, అర చెంచా నిమ్మ ఉప్పు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. 10 నిమిషాలు, అంతే. ఆ మురికి నీటిలో సీసం ఉంటుంది కాబట్టి చేతికి తొడుగులు వేసుకున్నాను, వంటింటి సింకు జోలికి పోలేదు. బాగా కడిగి, తువ్వాలుతో తుడిచి రెండు రోజులు ఎండలో పెట్టాను. నీటి మచ్చలు కూడా లేవు.

అమ్మోనియా ఉన్న పాలిష్ వద్దన్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు. అది ఇత్తడికి పగుళ్లు తెస్తుందని నాకు తెలియదు, సీసా కొనేసి ఉన్నాను కూడా. కేసులు అద్దంలా మెరవడం లేదు, శుభ్రంగా మాత్రం ఉన్నాయి.