కణం బొమ్మ బాగానే వేస్తున్నారు, మార్కులు ఎందుకు పోతున్నాయి?

మధురవాడ_ట్యూషన్:
తొమ్మిదో తరగతి పిల్లలకి జీవశాస్త్రం చెప్తున్నాను. వృక్షకణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే చూడ్డానికి ముచ్చటగానే వేస్తారు, మార్కులు మాత్రం సగమే పడుతున్నాయి. రికార్డులో ఉల్లిపొర బొమ్మ వేయమన్నా అందులో హరితరేణువులు, మైటోకాండ్రియా అన్నీ పెట్టేస్తున్నారు. ఏ వరసలో వేయించాలి? పేర్ల గీతలు ఎక్కడ ఆగాలి? జంతుకణానికి ఏవేవి మారతాయి? మైక్రోస్కోపు ఒకటుంది, 4ఎక్స్, 10ఎక్స్, 40ఎక్స్ కటకాలున్నాయి. మన విశాఖలో సులువుగా దొరికే వాటితో ఏం చూపించవచ్చో కూడా చెప్పండి.

వృక్షశాస్త్రం_విశాఖ:
టీచర్ గారూ, పిల్లలు కలిపేస్తున్నవి రెండు వేరువేరు బొమ్మలు. ముందు వాటిని విడదీయండి. రికార్డులో వేసేది కంటితో చూసిన బొమ్మ, అందులో కనబడనిది ఒక్క చుక్క కూడా ఉండకూడదు. పరీక్షలో వేసేది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తెలిసిన భాగాలన్నీ ఒక్కచోట చేర్చిన నమూనా బొమ్మ. మామూలు మైక్రోస్కోపు ఎంత మంచిదైనా 0.2 మైక్రోమీటర్ల (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. రైబోసోమ్ (ప్రోటీన్లు తయారుచేసే కణిక) 20–25 నానోమీటర్లు (వెయ్యి నానోమీటర్లయితే ఒక మైక్రోమీటరు), అంటే ఆ హద్దుకి ఎనిమిదో వంతో, పదో వంతో. అది ఉల్లిపొర బొమ్మలో కనిపించిందంటే పిల్లాడు పుస్తకం చూసి వేశాడన్నమాటే.

ఉల్లిపొరలో హరితరేణువులు ఎందుకుండవో కూడా చెప్పండి. అది నేలలో, వెలుతురు తగలకుండా పెరిగే భాగం. ఈ కారణం తెలిస్తే మళ్లీ వేయరు.

రైతు బజార్లో దొరికే ఎర్ర ఉల్లి చాలు. కండగల పొరని విరిచి, లోపలి వంపు వైపున్న పల్చటి పొరని ఫోర్సెప్స్‌తో లాగండి. అర సెంటీమీటరు ముక్క చాలు, పెద్దదైతే మడత పడి కణాలు రెండు వరసలుగా కనిపిస్తాయి. స్లైడు మీద నీటి చుక్కలో పరిచి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు ఒక చుక్క వేసి అర నిమిషం ఉంచి, అదనపు రంగు కడిగేయండి. కవర్‌స్లిప్ ఒక అంచుని ముందు నీటికి ఆనించి, 45 డిగ్రీల వాలు నుంచి సూదితో మెల్లగా దించాలి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. గుండ్రంగా, నల్లటి మందపాటి అంచుతో కనిపించేవి అవే. వాటిని రిక్తికలు (కణంలో రసం నిండిన సంచులు) అనుకుని గీసేవాళ్లు చాలామంది. మన ఎండాకాలంలో ఫ్యాను కింద పెడితే పిల్లలందరి వంతు వచ్చేలోపు స్లైడు ఎండిపోతుంది, అందుకని నీటికి బదులు పల్చని గ్లిజరిన్ వాడండి.

కేంద్రకం కణం గోడకి, అంటే కణకవచానికి, ఆనుకునే ఉండాలని పుస్తకంలో ఉంటుంది, స్లైడులో మాత్రం కొన్ని కణాల్లో నడిమధ్య కనిపిస్తుంది. రెండూ నిజమే. పెద్ద రిక్తిక కణద్రవ్యాన్ని అంచులకి నెట్టేస్తుంది. కేంద్రకం పై గోడకో కింది గోడకో అతుక్కుని ఉంటే మనం పైనుంచి చూస్తున్నాం కాబట్టి మధ్యలో ఉన్నట్టు అనిపిస్తుంది. ఫైన్ ఫోకస్ మర కొంచెం తిప్పితే కేంద్రకం ఒక లోతులో, గోడ అంచు ఇంకో లోతులో తేటపడతాయి. ఎక్కడ కనిపిస్తే అక్కడే గీయనివ్వండి.

ఇంకొకటి తప్పకుండా చేయించండి. అదే ఉల్లిలో బయటి వంపు వైపు ఊదారంగు పొర తీసి, రంగు వేయకుండా నీటిలోనే చూపించండి. ఆ ఊదారంగంతా రిక్తికలోని రసానిదే. తర్వాత కవర్‌స్లిప్ ఒక అంచున 10 శాతం ఉప్పునీరు చుక్క వేసి, ఎదుటి అంచున బ్లాటింగ్ పేపరు ఆనించండి. కొద్ది నిమిషాల్లో రంగు ముద్ద కుంచించుకుపోయి గోడ నుంచి విడివడుతుంది, గోడ మాత్రం కదలదు. కణకవచం వేరు, దాని లోపలున్న పల్చటి ప్లాస్మాపొర వేరు అని కంటితో చూపించగలిగేది ఈ ప్రయోగంలోనే. హరితరేణువులు చూపాలంటే అక్వేరియం షాపులో దొరికే హైడ్రిల్లా ఆకు ఒకటి నీటి చుక్కలో పెడితే చాలు, రంగు కూడా అక్కర్లేదు.

సీతమ్మధార_బయాలజీ:
పరీక్ష బొమ్మ సంగతి నేను చెప్తాను. బొమ్మ సగం పేజీకి తగ్గకూడదు. వృక్షకణానికి సుమారు 10 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు ఇవ్వండి. కుడివైపు మూడో వంతు పేజీ పేర్లకి వదలాలి. ముందు బొమ్మంతా గీసేసి, చివర్లో పేర్లు ఇరికిస్తేనే గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

కణకవచానికి 2 మి.మీ. ఎడంతో రెండు గీతలు, లోపలి గీతని దాదాపు ఆనుకుని ప్లాస్మాపొరకి మూడో గీత. పిల్లలు పోగొట్టుకునే మొదటి మార్కు ఇక్కడే. కవచం అని రాసిన గీత ఆ రెండు గీతల మధ్య ఆగాలి, ప్లాస్మాపొర గీత మూడోదాన్ని తాకాలి. రెండూ ఒకేచోట ఆగిపోతే దిద్దేవారు ఏది ఏదని ఒప్పుకుంటారు?

తర్వాత రిక్తిక గీయించండి, కణంలో సగానికి మించి. దీన్ని చివరికి వదిలేస్తే చోటు చాలక చిన్న గుండ్రంగా పెట్టేస్తారు. మిగిలిన చోటులో ఒక మూల కేంద్రకం. కేంద్రకత్వచం రెండు గీతలు, మధ్యమధ్య తెగినట్టు రంధ్రాలు, లోపల ముదురుగా కేంద్రకాంశం. గరుకు అంతర్జీవ ద్రవ్యజాలాన్ని (రైబోసోమ్‌లు అంటుకుని ఉన్న పొరల వల) కేంద్రకత్వచం బయటి పొరతో కలిసే ఉండేట్టు మొదలుపెట్టాలి, విడిగా గాలిలో తేలేట్టు వేయకూడదు. మైటోకాండ్రియా లోపలి మడతలు విడి జిగ్‌జాగ్ గీత కావు, లోపలి త్వచమే ముడుచుకుని క్రిస్టాలవుతుంది. పెన్సిలు ఎత్తకుండా ఆ త్వచాన్ని ఒక చుట్టు తిప్పమనండి, సరిగ్గా వస్తుంది. హరితరేణువు మైటోకాండ్రియా కన్నా పెద్దది, 5–10 మైక్రోమీటర్లు. లోపల గ్రానాలు (పచ్చటి త్వచాల దొంతరలు) నాణేలు పేర్చినట్టు, దొంతరకీ దొంతరకీ మధ్య సన్నటి గీతతో కలిపి. హరితరేణువులు మూడో నాలుగో వేసి, ఒక్కదానికే పేరు పెడితే సరిపోతుంది.

వృక్షకణంలో మైటోకాండ్రియా మానేయడం చాలా పెద్ద తప్పు. హరితరేణువు ఉంది కదా, ఇంకెందుకు అనుకుంటారు. మొక్క కూడా శ్వాసిస్తుంది, రాత్రీ పగలూ.

జంతుకణంలో కవచం, ప్లాస్టిడ్‌లు (హరితరేణువుల్లాంటివి), పెద్ద రిక్తిక తీసేసి, కేంద్రకం దగ్గర సెంట్రియోల్‌ల (కణ విభజనలో పనికొచ్చే చిన్న గొట్టాలు) జత ఒకదానికొకటి లంబంగా వేయాలి. లైసోసోమ్‌కి (జీర్ణరసాలుండే చిన్న సంచి) ఒకే త్వచం. ఆకారం కచ్చితంగా గుండ్రంగానే ఉండాలని లేదు.

అన్నీ చెక్కిన హెచ్‌బీ పెన్సిల్‌తోనే. షేడింగ్ వద్దు, రంగులు వద్దు, బాణం గుర్తులు వద్దు. పేర్ల గీతలు స్కేలుతో, అడ్డంగా, భాగాన్ని తాకేదాకా.

మధురవాడ_ట్యూషన్:
ఇద్దరికీ చాలా థాంక్సండి. ఇంకో రెండు సందేహాలు. బుగ్గకణాల స్లైడులో నీలం చుక్కలు చాలా కనిపిస్తాయి, పిల్లలు వాటిని రైబోసోమ్‌లంటున్నారు. రెండోది, బొమ్మ కింద 100ఎక్స్ అని రాస్తే సరిపోతుందా?

వృక్షశాస్త్రం_విశాఖ:
ఆ చుక్కలు నోట్లో ఉండే బాక్టీరియా. కణం మీదా ఉంటాయి, కణం బయటా ఉంటాయి. బయట కూడా ఉన్నాయని చూపిస్తే పిల్లలే ఒప్పుకుంటారు. నోరు రెండుసార్లు పుక్కిలించి, టూత్‌పిక్ మొద్దు చివరతో బుగ్గ లోపల మెల్లగా రాసి తీస్తే తగ్గుతాయి. గీరకూడదు. 0.9 శాతం ఉప్పునీటి చుక్కలో కలపండి, ఉత్త నీటిలో అయితే నీరు లోపలికి చేరి కణాలు ఉబ్బుతాయి. మెథిలీన్ బ్లూ ఒక చుక్క, ఒకటి రెండు నిమిషాలు. ఎవరి టూత్‌పిక్ వాళ్లదే, వాడాక బ్లీచింగ్ నీళ్లలో వేయించండి. ఈ బొమ్మలో గుర్తించాల్సినవి మూడే: ప్లాస్మాపొర, కణద్రవ్యం, కేంద్రకం. అంచులు మడతపడి ఉంటే మడతతోనే గీయాలి.

సీతమ్మధార_బయాలజీ:
100ఎక్స్ అనేది మైక్రోస్కోపు వృద్ధి, అంటే అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, బొమ్మది కాదు. 4ఎక్స్ కటకం కింద పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెట్టి లోపల కనిపించే వెలుతురు వలయం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. 4.5 వచ్చిందనుకుందాం. 10ఎక్స్‌లో అది 4.5 × 4 ÷ 10, అంటే 1.8 మి.మీ. ఉల్లి కణాలు నిలువునా ఆరు పడితే ఒక్కోటి 0.3 మి.మీ. పిల్లవాడు దాన్ని 90 మి.మీ. పొడవు గీస్తే బొమ్మ వృద్ధి 300 రెట్లు. రికార్డులో ఈ అంకె రాయించండి, మైక్రోస్కోపుది పక్కన విడిగా.

నమూనా బొమ్మ కింద మాత్రం వృద్ధి రాయొద్దు, 'స్కేలు ప్రకారం గీసినది కాదు' అని రాస్తే చాలు. 1 మైక్రోమీటరుకి 1 సెం.మీ. చొప్పున నిజంగా గీస్తే రైబోసోమ్ పాతిక వంతు సెంటీమీటరు కూడా రాదు, 0.25 మి.మీ. పెన్సిల్ చుక్క. అదే స్కేల్లో బుగ్గకణానికి అర మీటరు కాగితం కావాలి, ఉల్లికణానికి 3 మీటర్లు. ఈ లెక్క బోర్డు మీద పిల్లల చేతే వేయించండి.